వేలిముద్ర పడకపోతే మనిషి లేనట్లేనా?

తెలుగులో వేలిముద్రకు ‘నిశానీ’ అని మరో పేరుంది. ఉర్దూ నుంచి వచ్చి మన పల్లెల్లో స్థిరపడిపోయిన మాట. గుర్తు అని దాని అర్థం. అర్థంలో ఏ అవమానమూ లేదు. వాడుకలో మాత్రం అది ఎకసెక్కపు మాటయింది. చదువు రానివాడు నిశానీగాడు. ఉర్దూలో ‘అంగూఠా ఛాప్’ అన్నా అదే ఎత్తిపొడుపు. రెండు భాషలూ బొటనవేలినే చిన్నచూపు చూశాయి.

అందుకే సంతకం నేర్చుకోవడం మన దగ్గర ఒక ఆత్మగౌరవ పోరాటంగా నడిచింది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా అక్షరాస్యతా ఉద్యమంలో కూలినాలి చేసుకునే ఆడవాళ్ళు రాత్రి బడుల్లో కూర్చుని తమ పేరు తాము రాయడం నేర్చుకున్నారు. ఆ బడుల్లో రగిలిన చర్చే 1992లో దూబగుంట నుంచి సారా వ్యతిరేక ఉద్యమమై లేచింది. నిశానీ వేసే చేయి సంతకం పెట్టేదాకా రావడం చిన్న విషయం కాదని అప్పుడు అందరమూ అనుకున్నాం.

పాతికేళ్ళు తిరక్కుండానే ఆ చేతిని మళ్ళీ వేలిముద్ర దగ్గరికే తెచ్చారు. 2015 నుంచి ఆంధ్రప్రదేశ్ రేషన్ షాపుల్లోకి ఈ-పాస్ మిషన్లు వచ్చాయి. తెలంగాణలోనూ తర్వాత వచ్చాయి. కష్టపడి నేర్చుకున్న సంతకం ఆ మిషనుకు అక్కర్లేదు. దానికి వేలు కావాలి. వేలు పెడితే ఆధార్ లెక్కతో సరిపోవాలి. సరిపోకపోతే డీలరు చెప్పే మాట ఇప్పుడు ఊరూరా అందరికీ తెలిసిందే: ‘ముద్ర పడటం లేదమ్మా.’

ఇందులో యంత్రం తప్పెంత, చట్టం తప్పెంత? చాలామంది యంత్రాన్ని తిడతారు. కొందరు యంత్రాన్ని కొలుస్తారు. మాకు రెండూ సరైనవి అనిపించవు. యంత్రం వేలు చూస్తుంది, అంతే. వేలు సరిపోనివాడికి బియ్యం ఇవ్వాలా వద్దా అన్నది యంత్రానికి తెలియదు. ఆ మాట చెప్పేది చట్టం, దాని కింద వచ్చే జీవో, ఆ జీవో కింద వచ్చే సర్క్యులరు. కనుక మన ప్రశ్న యంత్రం చుట్టూ తిరగాల్సింది కాదు. ఒక మనిషి తాను తానేనని రుజువు చేసుకోవలసిన భారం ఎవరి మీద ఉండాలి? రుజువులో పొరపాటు జరిగితే నష్టం ఎవరు భరించాలి? ఇది నీతికి సంబంధించిన ప్రశ్న. ఈ దేశంలో ముస్లింలుగా బతుకుతున్న మాకు ఇది రోజూ ఎదురయ్యే ప్రశ్న కూడా.

కొంచెం వెనక్కి వెళ్దాం. వేలిముద్రను పాలనలోకి తెచ్చిన ప్రయోగశాల మన దేశమే. 1858లో బెంగాల్‌లో విలియం హెర్షెల్ అనే ఇంగ్లీషు అధికారి రోడ్డు కంకర సరఫరా చేసే ఒక కాంట్రాక్టరు చేత ఒప్పందం మీద అరచేతి ముద్ర వేయించుకున్నాడు. రేపు ఆ సంతకం నాది కాదని అతను బుకాయించకుండా భయపెట్టడమే ఉద్దేశమని తర్వాత ఆయనే రాసుకున్నాడు. 1877 నాటికి హుగ్లీలో పెన్షన్ల దగ్గరా, రిజిస్ట్రేషన్ దస్తావేజుల దగ్గరా, జైలు దగ్గరా వేలిముద్రలు తీసుకోవడం మొదలుపెట్టాడు. పెన్షను, దస్తావేజు, జైలు. నూట యాభై ఏళ్ళ తర్వాత కూడా వేలిముద్ర తిరుగుతున్నది ఈ మూడు గుమ్మాల మధ్యనే.

ముద్రలు పోగేయడం తేలికే. వేల ముద్రల్లోంచి కావలసిన ముద్రను వెతికి తీయడం కష్టం. ఆ చిక్కు విప్పిన లెక్క ఒక ముస్లిం యువకుడిది. ఖాజీ అజీజుల్ హక్ కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో గణితం చదివి పోలీసు శాఖలో సబ్ ఇన్‌స్పెక్టరుగా చేరాడు. పది వేళ్ళ ముద్రల్లోని సుడులనూ వంపులనూ బట్టి వాటిని 1,024 అరల్లో సర్దే సూత్రం ఆయన తయారుచేశాడు. హేమచంద్ర బోస్ ఆయనతో కలిసి పనిచేశాడు. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో ఏర్పడింది. ఆ పద్ధతికి ప్రపంచమంతా పెట్టుకున్న పేరు మాత్రం వాళ్ళ పై అధికారి ఎడ్వర్డ్ హెన్రీది. హక్‌కు తర్వాతెప్పుడో ఖాన్ బహదూర్ బిరుదు దక్కింది. మనుషుల్ని గుర్తుపట్టే శాస్త్రం తనను కనిపెట్టినవాణ్ణే గుర్తుపెట్టుకోలేదు.

ఈ చరిత్ర మేం గొప్ప కోసం చెప్పడం లేదు. సైన్సు అనగానే ముస్లిం వెనక్కి లాగుతాడన్న అపవాదు ఒకటి ఉంది. వేలిముద్రల శాస్త్రంలో మా వాటా ఉంది. ఆ శాస్త్రంతో మాకు పేచీ లేదు. ఏ చట్టం చేతిలో అది పడింది అన్నదే పేచీ.

అది పడిన చేతుల్లో ఒకటి నేరస్థ తెగల చట్టం. 1871లో వచ్చిన ఆ చట్టం కొన్ని కులాల్లో, తెగల్లో పుట్టినవాళ్ళను పుట్టుకతోనే నేరస్థులుగా లెక్కగట్టింది. 1911లో దాన్ని మార్చి మద్రాసు రాష్ట్రానికీ విస్తరించారు. రిజిస్టరులోకి ఎక్కించినవాళ్ళ వేలిముద్రలు ఎప్పుడైనా తీసుకునే అధికారం ఇచ్చారు. బాపట్ల దగ్గర స్టువర్టుపురం సెటిల్‌మెంటులో ఎరుకలవాళ్ళు ఆ రిజిస్టర్ల కిందే బతికారు. 1952లో చట్టం పోయింది. ఊరి పేరు చెప్పగానే ముఖం చిట్లించే అలవాటు చాలామందిలో ఇంకా పోలేదు. ఒక జనం మీద ముందుగానే అనుమానం రాసిపెట్టిన చట్టం పోయినా అనుమానం మిగిలిపోతుంది. పాతబస్తీ పేరు చెప్పి అద్దె ఇల్లు దొరకనివాళ్ళకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు.

కలకత్తా నుంచి ఆ పద్ధతి దక్షిణాఫ్రికా వెళ్ళింది. 1900లో హెన్రీని అక్కడి పోలీసు వ్యవస్థ తీర్చిదిద్దడానికి పంపారు. 1906లో ట్రాన్స్‌వాల్ ప్రభుత్వం భారతీయులంతా పేర్లు నమోదు చేసుకుని పది వేళ్ళ ముద్రలు ఇవ్వాలని ఆర్డినెన్సు తయారుచేసింది. దాని మీద 1906 సెప్టెంబరు 11న జోహానెస్‌బర్గ్ ఎంపైర్ థియేటరులో జరిగిన సభ నుంచే గాంధీ సత్యాగ్రహం పుట్టింది. ఈ చట్టానికి లొంగబోమని దేవుడి సాక్షిగా ప్రమాణం చేద్దామని ఆ సభలో పట్టుబట్టినవాడు హాజీ హబీబ్ అనే వర్తకుడు. మన పాఠ్యపుస్తకాల్లో ఆ పేరు కనపడదు.

తర్వాత జరిగినది మన ప్రశ్నకు మరీ దగ్గరిది. 1908 జనవరిలో గాంధీ, జనరల్ స్మట్స్‌ల మధ్య రాజీ కుదిరింది. భారతీయులు తమంతట తాముగా ముద్రలు ఇవ్వాలి, ప్రభుత్వం చట్టాన్ని ఎత్తేయాలి. ఇది మీర్ ఆలం అనే పఠానుకు మింగుడు పడలేదు. దొంగల దగ్గర తీసుకునే ముద్రలు మేమెందుకు ఇవ్వాలని నిన్నటిదాకా చెప్పి ఇవాళ ఇద్దామంటావా అన్నది అతని కోపం. ఫిబ్రవరి 10న ముద్రలు ఇవ్వడానికి వెళ్తున్న గాంధీని అతను దారిలో కొట్టాడు. కొట్టడం తప్పే. కానీ అతని ప్రశ్న తప్పుకాదు. గాంధీ జవాబూ తీసిపారేసేది కాదు: బలవంతాన లాక్కునే ముద్ర వేరు, ఇష్టపడి ఇచ్చే ముద్ర వేరు. వేలు అదే, సిరా అదే, కాగితం అదే. మధ్యలో ఉన్న చట్టాన్ని బట్టి ఒకటి అవమానం, ఇంకొకటి సహకారం.

స్మట్స్ చట్టాన్ని ఎత్తేయలేదు. 1908 ఆగస్టు 16న జోహానెస్‌బర్గ్ హమీదియా మసీదు ఆవరణలో జనం తమ గుర్తింపు పత్రాలను పెద్ద ఇనుప పాత్రలో వేసి కాల్చారు. మీర్ ఆలం కూడా వచ్చి గాంధీతో చేయి కలిపి తన కాగితం కాల్చడానికి ఇచ్చాడని గాంధీయే రాశారు. తేలిందేమిటంటే, ఇష్టపడి ఇచ్చినదానికి అవతలివాడు మాట మీద నిలబడితేనే విలువ. ఇచ్చిన గుర్తును ఇచ్చిన పనికే వాడాలి. ఇచ్చినవాడికి తిరిగి అడిగే హక్కుండాలి. ఈ రెండూ చట్టంలో లేకపోతే ఇష్టం అన్న మాట కాగితం మీదే ఉంటుంది.

ఇప్పుడు ఆధార్‌ను ఈ కొలతతో చూడండి. 2009లో సంస్థ పెట్టారు. ఇష్టమున్నవాళ్ళే తీసుకోవచ్చన్నారు. 2010లో నంబర్లివ్వడం మొదలైంది. చట్టం 2016లో గానీ రాలేదు. ఆలోపల కోట్లమంది వేళ్ళూ కళ్ళూ ఇచ్చేశారు. ఎవరూ లేకుండా చేయరాదని సుప్రీంకోర్టు 2013లోనే మధ్యంతర ఉత్తర్వు ఇచ్చినా, కింది కార్యాలయాల్లో మాత్రం ‘ఆధార్ లేకపోతే కుదరదు’ అన్న మాటే నడిచింది. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కని చెప్పారు. 2018 సెప్టెంబరు 26న ఐదుగురిలో నలుగురు ఆధార్ చట్టాన్ని చాలామటుకు నిలబెట్టారు. ప్రైవేటు కంపెనీలు అడిగే దారి మూశారు. సబ్సిడీలకు, సంక్షేమానికి అడిగే దారి తెరిచే ఉంచారు. అంటే సిమ్ కార్డు కొనేవాడికి ఊరట దొరికింది, బియ్యం తెచ్చుకునేవాడికి దొరకలేదు.

మన న్యాయశాస్త్రంలో ఇంకో విచిత్రం ఉంది. ఏ నిందితుణ్ణీ తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పమని బలవంతపెట్టరాదని రాజ్యాంగం 20వ అధికరణం చెబుతుంది. మరి బలవంతాన వేలిముద్ర తీసుకుంటే? 1961లో పదకొండుమంది సభ్యుల సుప్రీంకోర్టు ధర్మాసనం వేలిముద్ర ఇవ్వడం సాక్ష్యం చెప్పడం కిందికి రాదంది. వేలు తనంతట తాను ఏమీ చెప్పదు, పోల్చి చూడ్డానికి మాత్రమే పనికొస్తుందన్నది అందులోని తర్కం. న్యాయస్థానం దృష్టిలో సరే అనుకుందాం. మరి రేషన్ షాపులో జరిగేదేమిటి? అక్కడ మనిషి చెప్పే మాట చెల్లదు, పక్కింటివాళ్ళ మాట చెల్లదు, పుట్టినప్పట్నుంచి ఎరిగిన డీలరు మాట చెల్లదు. చెల్లేది వేలొక్కటే. నోరులేని వేలికి అక్కడ నోరొచ్చింది, నోరున్న మనిషి మూగవాడయ్యాడు.

ఆ వేలు కూడా అందరిదీ ఒకటిగా పడదు. నిజామాబాద్ వైపు ఏళ్ళ తరబడి బీడీలు చుట్టిన ఆడవాళ్ళ వేళ్ళు, లాడ్ బజారులో కాలుతున్న లక్కతో గాజులు చేసే వేళ్ళు, సున్నం, సిమెంటు కలిపే తాపీ కూలీల వేళ్ళు అరిగిపోతాయి. ముసలితనంలో గీతలు చెరిగిపోతాయి. ఆఫీసులో కూర్చునేవాడి వేలు తేలిగ్గా పడుతుంది. పనిచేసి పనిచేసి అరిగిన వేలు పడదు. శ్రమకు ఇంతకంటే పెద్ద రుజువు ఏముంటుంది? మిషను దాన్నే రుజువు లేకపోవడంగా లెక్కగడుతుంది. ఈ బాధ ముస్లింలది మాత్రమే కాదు. దళితులది, ఆదివాసులది, అన్ని కులాల పేదలది. ఈ సంగతి మేము మర్చిపోతే మా మాటకు విలువ ఉండదు.

మాకంటూ విడిగా ఉన్న బాధ పేరు దగ్గర మొదలవుతుంది. ఉర్దూలో ‘షేక్’ మూడక్షరాల మాట. రాసే తీరు ఒక్కటే. కోస్తా జిల్లాల్లో అది ఇంటిపేరై ముందుకొస్తుంది, హైదరాబాద్‌లో చాలామందికి పేరులోనే కలిసిపోతుంది. ఇంగ్లీషులోకి వెళ్ళేసరికి గుమాస్తాకొక స్పెల్లింగు. ‘ముహమ్మద్’ ఉర్దూలో నాలుగక్షరాలు. ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాస్తారో లెక్కలేదు, పొడి అక్షరాలు రెండే రాసి వదిలేసేవాళ్ళూ ఉన్నారు. ఆడవాళ్ళ పేరు చివర ఒక కాగితంలో బీ, ఇంకో కాగితంలో బేగం, మూడోదాంట్లో ఏమీ ఉండదు. మా ఇళ్ళల్లో దీనివల్ల ఎవరికీ ఏ అయోమయమూ లేదు. మూడు లిపుల మధ్య బతికే జనానికి పేరు మూడు తీర్లుగా ఉండటం సహజం. అయోమయమంతా ఒకే స్పెల్లింగును ఒకే మనిషిగా లెక్కపెట్టే రికార్డుది. దాన్ని సరిచేయించుకునే ఖర్చు మాత్రం మాది. మీసేవా చుట్టూ తిరుగుడు, నోటరీ అఫిడవిట్, పోయిన కూలి.

ఒక్కోసారి అది ఖర్చుతో పోదు. తెలంగాణ ప్రభుత్వం రకరకాల శాఖల రికార్డులను ఒకచోట కలిపి, పేర్లూ చిరునామాలూ పోల్చి, ఎవరు అర్హులో తేల్చే ‘సమగ్ర వేదిక’ అనే కంప్యూటరు వ్యవస్థను వాడింది. 2014 నుంచి 2019 దాకా రాష్ట్రంలో 18 లక్షలకు పైగా ఆహార భద్రతా కార్డులు రద్దయ్యాయి. హైదరాబాద్‌లో ఒక రిక్షా కార్మికుడి కుటుంబానికి, పేరు కొంత కలిసిన మరొకరి కారు వీళ్ళ లెక్కలో పడి కార్డు పోయింది. కారున్నవాడు రిక్షా ఎందుకు లాగుతాడని ఒక్క మనిషి గడప దాకా వచ్చి చూస్తే తేలిపోయేది. కంప్యూటరు చెప్పాక చూడనక్కర్లేదని నమ్మిన విధానం ఆ గడప దాకా రాలేదు. చివరికి 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రద్దయిన కార్డులను మళ్ళీ క్షేత్రస్థాయిలో పరిశీలించమని ఆదేశించాల్సి వచ్చింది. ముందు కోసి తర్వాత కొలవడం అంటే ఇదే.

దీనికి అవతలివైపు వాదన ఉంది, వినాలి. బోగస్ కార్డులు నిజం. చచ్చిపోయినవాళ్ళ పేరున బియ్యం ఎత్తుకుపోయి నల్లబజారులో అమ్మిన డీలర్లు నిజం. ఏ కాగితమూ లేని వలస కూలీకి ఆధార్ మొదటి కాగితమైన మాటా నిజం. పేదల వాటా దొంగిలించేవాణ్ణి పట్టుకునే యంత్రం వస్తే మొదట సంతోషించేది పేదవాడే. మేము అడిగేది ఒక్కటే. దొంగను పట్టుకోవడానికి పెట్టిన మిషను ముందు డీలరు నిలబడాలా, బియ్యం కోసం వచ్చిన ముసలమ్మ నిలబడాలా? వేలు పెట్టమన్నది ఆవిడనే. బస్తాల లెక్క చూసే మిషన్లూ పెట్టారు, కానీ లెక్క తప్పితే ఆకలితో పడుకునేది మాత్రం ఆవిడే.

రుజువు భారం గురించి మన లౌకిక చట్టానికీ, మా ఫిఖ్హ్ సంప్రదాయానికీ మధ్య ఏ తగాదా లేదు. ఆరోపించినవాడే రుజువు చూపాలని 1872 నాటి సాక్ష్య చట్టం చెప్పింది. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో అమలవుతున్న కొత్త చట్టం కూడా ఆ సూత్రాన్ని ఉంచింది. ఫిఖ్హ్‌లోనూ రుజువు ఆరోపించినవాడి బాధ్యతే, నిశ్చయంగా ఉన్నదాన్ని ఒట్టి సందేహంతో తొలగించరాదన్నది అక్కడ మూలసూత్రం. ఖాజీ ముందైనా జడ్జి ముందైనా మనిషి మొదట నిర్దోషిగానే నిలబడతాడు.

ఈ సూత్రాన్ని తిరగేసిన చోట ఏమవుతుందో అస్సాంలో చూశాం. విదేశీయుడు కాదని నిరూపించుకోవాల్సిన భారం 1946 నాటి చట్టం ఆ మనిషి మీదే పెట్టింది. 2019 ఆగస్టు 31న వచ్చిన పౌర జాబితాలో 19 లక్షలకు పైగా మనుషుల పేర్లు లేవు. అందులో హిందువులూ ఉన్నారు, ముస్లింలూ ఉన్నారు. ఓ తాత పేరులో అక్షరం తేడా, ఓ తల్లి వయసులో తేడా, వరదలో కొట్టుకుపోయిన కాగితం. కాగితం మనిషికి సాక్షిగా ఉన్నంతకాలం ఫర్వాలేదు. మనిషే కాగితానికి సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చినప్పుడు పౌరుడన్న మాటకు అర్థం పోతుంది.

హైదరాబాద్‌లో ఆ తిరగేత వేరే రూపంలో చూశాం. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలాక పట్టుబడిన ముస్లిం యువకుల్లో చాలామంది నిర్దోషులుగా బయటికొచ్చారు. 2012లో ప్రభుత్వం వాళ్ళకు నష్టపరిహారంతోబాటు మంచి నడవడిక సర్టిఫికెట్లు ఇచ్చింది. 2013లో హైకోర్టు పరిహారం ఉత్తర్వును కొట్టేసింది. కోర్టు నిర్దోషి అన్నాక కూడా మంచివాడని ఇంకో కాగితం కావలసి రావడంలోనే ఉంది మా బతుకు. అలాంటి చోట 2022లో కొత్త గుర్తింపు చట్టం వచ్చింది. 1920 నాటి పాత చట్టం వేళ్ళూ పాదాలూ ఫోటోలతో ఆగింది. కొత్తది కనుపాపలనూ శరీరపు నమూనాలనూ కలుపుకుంది, 75 ఏళ్ళు దాచమంది. విడుదలైనవాళ్ళవి చెరిపేయాలని అందులో ఉంది. కానీ అప్పీళ్ళన్నీ ముగిసిన తర్వాత. మన కోర్టుల్లో అప్పీళ్ళు ముగిసేసరికి యువకుడు నడివయసువాడవుతాడు. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది గానీ, తనకు కావలసిన ప్రభుత్వ సంస్థలను దాన్నుంచి మినహాయించుకునే అధికారం కేంద్రం తన దగ్గరే పెట్టుకుంది. మనం గాజుగదిలో, ప్రభుత్వం గోడ వెనక.

కనుక మా మాట ఇదీ. యంత్రాలు పెట్టుకోండి. కానీ యంత్రం కాదన్నప్పుడు ఇవ్వడమే నియమంగా ఉండాలి, ఆపడం కాదు. ఆపదలచుకుంటే ఆ మనిషి అర్హుడు కాడని ప్రభుత్వమే రుజువు చూపాలి, అదీ ముందుగా నోటీసిచ్చి, అతని గడప దాకా వచ్చి. పేరు ఒక స్పెల్లింగులో ఇమడకపోవడం నేరంగానో లోపంగానో లెక్కపెట్టరాదు. ఒక పనికి తీసుకున్న ముద్రను ఇంకో పనికి వాడటానికి మళ్ళీ అడగాలి. నిర్దోషి అని కోర్టు చెప్పిన రోజే అతని ముద్రలు చెరిపేయాలి. ఇవేవీ సైన్సుకు అడ్డంకులు కావు. ఇంజనీరు ఒక్క పూటలో మార్చగలడు. మార్చమని చెప్పాల్సింది శాసనసభ.

తెలుగులో హక్కు అన్న మాట అరబ్బీ నుంచి వచ్చింది. వకీలు, ఫిర్యాదు, దస్తావేజు, జామీను అన్నీ బయటి నుంచి వచ్చి చేరినవే. ఈ మాటలను తెలుగు ఏనాడూ మీరెక్కడివాళ్ళని అడగలేదు, కాగితాలు చూపమనలేదు. వాడుకలో ఉన్నాయి కాబట్టి తనవే అనుకుంది. మనుషుల విషయంలో చట్టం ఆ మాత్రం పెద్దమనసు చూపిస్తే చాలు.